గీతల్లేని పక్క

ఆ పార్సిలు వచ్చిన రోజు మా అమ్మ వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. దసరా సెలవులైపోయి బడులు తెరిచిన వారం. నేను నిమ్మనపల్లె దగ్గర ఒక చిన్న బడిలో టీచర్‌ని. సాయంత్రం మదనపల్లెలో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ పక్కన, పొట్టు కుప్ప మీద, చదరంగా ఒక అట్టపెట్టె పడి ఉంది. దాని మీద నేనెప్పుడూ చూడని స్టాంపులు.

"పోస్టుమేన్ ఇచ్చిపోయినాడు. మీ అన్న పేరు ఉండాదంట," అంది అమ్మ తలెత్తకుండా.

మా అన్న గౌతమ్ చనిపోయి అప్పటికి ఏడాది దాటింది.

అన్న నాకంటే పెద్దవాడు. మా నాయన ఆదెప్ప పలక కొట్టేవాడు. బడిలో రాసే పలక కాదు, తోలు పలక. జాతరైనా చావైనా చుట్టుపక్కల పల్లెలన్నిటికీ మా నాయన పలకే. అన్న ఆ చేతిని పుణికిపుచ్చుకున్నాడు. అంగళ్లు అనే ఊరి దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాలేజీ బ్యాండులో డ్రమ్స్ వాయించాడు, కానీ ఇంటికొస్తే పలకే కావాలి. మంట కాడ తోలు వెచ్చబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్క దెబ్బ కొట్టి, నవ్వేవాడు. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడి ఎడమ మణికట్టు విరిగింది. అది సరిగ్గా అతకలేదు. అందుకని ప్రతి వరసా ముగిసేటప్పుడు ఒక దెబ్బ రవ్వంత ఆలస్యంగా పడేది. నాయన దాన్ని దిద్దాలని చూసి చూసి వదిలేశాడు. ఆ ఆలస్యం మా చెవులకు అలవాటైపోయింది. అది లేకపోతే అన్న వాయించినట్టే ఉండేది కాదు.

చదువయ్యాక కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ రాళ్ళు కోసే కొత్త యంత్రం బిగించడానికి బ్రెజిల్ నుంచి తియాగో అని ఒకతను వచ్చాడు. అతనికి వాళ్ళ ఊళ్ళో ఒక బ్యాండు ఉంది. పేరు పెద్రా ఓకా. బోలు రాయి అని అర్థమట. ఇద్దరికీ స్నేహం కుదిరింది. సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా అన్న వాళ్ళ పాటలే వినిపించేవాడు. నాకు తలాతోకా తెలిసేది కాదు.

"దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు చిన్నమ్మీ," అనేవాడు. నన్ను ఎప్పుడూ చిన్నమ్మీ అనే పిలిచేవాడు. "ఇది మన సినిమా పాట మాదిరి ఒకే దారిన పోదు. బయల్దేరి, ఊరూరా తిరిగి, యాడో తప్పిపోయి, మళ్ళా ఇంటికి వస్తాది."

కుప్పం అవతల పని ఆపేసిన క్వారీ ఒకటుంది. వానలకు నిండి పెద్ద గుంత అయిపోయింది. చుట్టూ నిలువుగా కోసిన రాతి గోడలు. అక్కడ పలక కొడితే గోడ గోడకూ తగిలి తిరిగొస్తుందని, ఆ మోత కొత్త ఆల్బమ్‌లో పెట్టుకుంటామని తియాగో అన్నాడు. ఇద్దరూ ఒక సాయంత్రం రికార్డరు తీసుకుని వెళ్ళారు. తియాగో అవతలి గట్టున నిలబడి ఉండగానే అన్న కాలు జారింది. ఫ్యాక్టరీ వాచ్‌మన్ చిన్నప్ప మనుషుల్ని కేకేసి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. మరుసటి రోజు పొద్దున శవం తీశారు. రికార్డరు జేబులోనే ఉంది, నీళ్ళు పట్టి పాడైపోయి. అన్నను మదనపల్లె తెచ్చి నాయన పక్కనే పూడ్చాం. మట్టి వేసిన చేతుల్లో మా అమ్మవి కూడా ఉన్నాయి.

ఇవన్నీ ముందే చెబుతున్నాను. అన్న లేడని మాకు బాగా తెలుసు. ఆ విషయంలో మాకు ఏ అనుమానమూ లేదు.

పెట్టె విప్పితే నల్లటి అట్టలో ఒక ఎల్పీ రికార్డు. అట్ట మీద క్వారీ గోడ ఫొటో, దాని కింద నీళ్ళు. ఆల్బమ్ పేరు వాళ్ళ అక్షరాల్లో కుప్పం అని ఉంది. వెనకవైపు ఒక మూలన, ఎవరో నేర్చుకుని రాసినట్టు వంకర టింకర తెలుగులో, 'గౌతమ్‌కి'.

అమ్మ చేతులు చీరకు తుడుచుకుని దాన్ని అందుకుంది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"దీన్ని యాడ వినాల?" అంది.

*

పుంగనూరులో బస్టాండు వెనక సందులో మునిస్వామి అనే పెద్దాయనకు మైకు సెట్ల షాపు ఉంది. పాత రికార్డు ప్లేయర్లు బాగుచేస్తాడని తెలిసి, ఆదివారం అమ్మను తీసుకుని వెళ్ళాను. షాపు నిండా దుమ్ము పట్టిన హారన్లు, వైర్లు. వేడెక్కిన సోల్డరు వాసన.

మునిస్వామి రికార్డుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, వెలుతురుకి తిప్పి చూసి, ప్లేయరు మీద పెట్టాడు. ముల్లు దించాడు.

మొదట చాలాసేపు ఏమీ లేదు. తర్వాత దూరంగా రాయి కోస్తున్న చప్పుడు. దాని కింద ఆర్గన్ ఒకే స్వరం పట్టుకుని నిలబడింది. గిటారు ఎక్కడో బయల్దేరి, తడబడి, ఆగి, మళ్ళీ మొదలైంది. ఒక మనిషి వాళ్ళ భాషలో గొణుగుతున్నట్టు పాడాడు. రికార్డుకి ఆ పక్కంతా ఒకటే పాట. నడుమ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, డ్రమ్స్ మీద పలక వరస మొదలైంది. మా నాయన వరస. జాతరలో అమ్మవారిని ఊరేగించేటప్పుడు కొట్టేది. ఎక్కడో సముద్రాల అవతల, మా పేరు కూడా పలకలేని మనిషి దాన్ని వాయిస్తున్నాడు. నాకు కళ్ళు నిండిపోయాయి.

అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. పాట అయిపోయాక నెమ్మదిగా అంది: "బాగుండాది. కానీ ఇది వాడి చెయ్యి గాదు."

ఆ ఆలస్యం లేదు. దెబ్బలన్నీ సరిగ్గా పడ్డాయి.

మునిస్వామి రికార్డు తిరగేశాడు. కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూశాడు. "ఈ పక్క ఏమీ లేదమ్మా. గీతలే వెయ్యలేదు. సూడండి, అద్దం మాదిరి ఉండాది. ముల్లు పెడితే జారిపోతాది, పెట్టొద్దండి."

నిజంగానే అద్దంలా ఉంది. నల్లగా, నున్నగా. అందులో మా ముగ్గురి మొహాలూ కనిపించాయి.

అమ్మ పట్టుబట్టి ఒక పాత ప్లేయరు కొనిపించింది. ఆ రాత్రి నేను తియాగోకి ఫోన్లో మెసేజి పెట్టాను, రికార్డు అందిందని, అమ్మ విన్నదని. రెండో పక్క ఎందుకు ఖాళీగా ఉందని అడిగాను. పొద్దున్నే జవాబు వచ్చింది. అది గౌతమ్ పక్క, అతను వాయించాల్సింది అక్కడే, అందుకే ఎవరూ ఏమీ వాయించకుండా వదిలేశామని రాశాడు.

*

పది పదిహేను రోజులు బాగానే గడిచాయి. పొద్దున నేను బడికి పోతే, పగలు అమ్మకు తోడుగా పక్కింటి రేష్మ వచ్చి పోతుండేది. డిగ్రీ చదువుతోంది. సాయంత్రం నా దగ్గర ఇంగ్లీషు చెప్పించుకునేది. వాకిట్లో నిలబడి, "అక్కా, తలుపు తియ్యక్కా," అని పిలుస్తూ, నేను తీసేదాకా గడియ టకటకలాడించేది.

ఒక సాయంత్రం ముసురు పట్టి ఉంది. సందు మొదట్లోనే నాకు పలక వినిపించింది. ఎవరో పోయినట్టున్నారు అనుకున్నాను. నడుస్తున్న కొద్దీ ఆ చప్పుడు మా ఇంటి నుంచే అని తెలిసింది. చెప్పులు విడవబోతూ ఆగిపోయాను.

వరస ముగిసేటప్పుడు ఒక దెబ్బ... రవ్వంత ఆలస్యంగా పడింది.

లోపల అమ్మ ప్లేయరు ముందు మఠం వేసుకుని కూర్చుని ఉంది. రికార్డు తిరుగుతోంది. నున్నటి పక్క పైకి ఉంది. ముల్లు జారిపోలేదు. దేన్నో పట్టుకున్నట్టు ఒకే చోట నిలబడి, కొంచెం కొంచెం వణుకుతోంది. గదిలో తడిసిన రాతి వాసన. చాలాకాలం కదలని నీళ్ళ వాసన.

అమ్మ నా వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

ఆ క్షణంలో నేను వెనక్కి తిరిగి పరిగెత్తాల్సింది. పరిగెత్తలేదు. బ్యాగు కింద పెట్టి అమ్మ పక్కన కూర్చున్నాను. ఏడాదిగా వినని చెయ్యి అది.  వానకు పెంకుల మీద చప్పుడు ఎక్కువైనా మేమిద్దరం కదలకుండా విన్నాం.

కొన్నాళ్ళు వట్టి పలకే. తర్వాత ఒక రోజు పలక ఆగి... ఊపిరి వినిపించింది. ఆ తర్వాత, "అమ్మా."

అన్న గొంతే.

అప్పటినుంచి అమ్మ దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. అన్నం తిన్నావా అని, యాడుండావు అని. అది వెంటనే పలికేది కాదు. "నిన్న అడిగింది ఈపొద్దు చెప్తాడు," అంది అమ్మ, చిన్నపిల్లలా నవ్వుతూ. "యాడుండావురా అంటిని. ఈడనే ఉండాను మా అన్నాడు. సలిగా ఉండాదంట పాపా."

అమ్మ వంట మానేసింది. జడ వేసుకోవడం మానేసింది. రేష్మ వస్తే మాట్లాడనిచ్చేది కాదు. నేను రికార్డు తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తే, రోజంతా బీరువా ముందు కూర్చుంది. తాళం ఇచ్చేశాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కూడా వింటున్నాను. పలక చప్పుడు మధ్యలో కుక్కరు కూత వచ్చింది. లేచి వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ మీద ఏమీ లేదు. కుక్కరు కడిగి బోర్లించి ఉంది. వెనక్కి వచ్చేసరికి రికార్డులోంచి మా అమ్మ దగ్గు వినిపించింది. అమ్మ నా ఎదురుగా నోరు మూసుకుని కూర్చుని ఉంది.

"అమ్మా," అన్నాను గొంతు తగ్గించి, "ఇది మన ఇంట్లో చప్పుళ్ళన్నీ వింటా ఉండాదిమ్మా."

"వినకపోతే ఎట్ల? వాడి ఇల్లు గదా," అంది అమ్మ.

"ఆపేస్తాను."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నాకింకా గుర్తుంది. "నీకు అన్న వద్దా?" అని అడిగింది.

నేను ప్లేయరు ఆపలేదు.

*

అమ్మ వెళ్ళిపోయింది ఆ మరుసటి రోజే. మధ్యాహ్నం భోజనాల వేళ రేష్మ నుంచి ఫోను. 

"అక్కా, అమ్మ ఇంట్లో లేదు. తలుపు బార్లా తీసుండాది. ఆ ప్లేయరు తిరుగుతా ఉండాది."

"అందులో ఏమన్నా వినపడతాందా?"

రేష్మ ప్లేయరు దగ్గరకు నడిచిన అడుగుల చప్పుడు. తర్వాత గుసగుసగా, "నీళ్ళ కాడికి రా మా, నీళ్ళ కాడికి రా మా... అదే మాటక్కా. పొద్దన్నుంచీ అదే అంటా ఉండాదేమో."

"నువ్వు బయటికి వచ్చెయ్ రేష్మా. ఏదీ ముట్టుకోవద్దు."

అమ్మ ఫోను ఇంట్లోనే ఉంది. హెడ్మాస్టరుకి చెప్పి, దొరికిన బస్సు ఎక్కాను. పుంగనూరు దాటేసరికి వాన పెద్దదైంది. పలమనేరులో బస్సు మారాను. దారంతా టమోటా తోటలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. చిన్నప్పకు ఫోను చేశాను. అన్న పోయినప్పుడు మాతో పాటు మదనపల్లె దాకా వచ్చి మట్టి వేసిపోయిన మనిషి ఆయన. క్వారీ దగ్గరకు పోయి చూడమని బతిమాలుకున్నాను.

"పోతాండా పాపా. నువ్వు దిగులు పడొద్దు," అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు.

కుప్పంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. క్వారీకి మట్టి దారి మొదలయ్యే చోట ఆటో అతను ఆపేశాడు. ఇంక బండి పోదన్నాడు. పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. ఆకాశం బూడిద రంగులో ఉంది. వాన సన్నబడింది. దారికి రెండు వైపులా వదిలేసిన రాతి దిమ్మెలు, ఇంటింత ఎత్తున, తడిసి నల్లగా. కప్పలు లేవు. పురుగులు లేవు. నా చెప్పుల కింద కంకర చప్పుడు తప్ప ఏమీ లేదు.

చిన్నప్ప గట్టు మీద గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కిందికి చెయ్యి చూపించాడు.

"కేకలు పెట్టి పెట్టి గొంతు పోయింది. తిరిగి సూడనన్నా సూడదు. నా మోకాళ్ళతో ఈ దారి దిగలేను పాపా," అన్నాడు. ఏడుస్తున్నాడో, వాన నీళ్ళో తెలియలేదు.

లారీలు దిగిన పాత దారి గోడ పక్కగా కిందికి పోతుంది. పాకుడు పట్టి ఉంది. గోడకు చెయ్యి ఆనించి దిగాను. దిగేకొద్దీ చలి ఎక్కువైంది. అదే వాసన. మా గదిలో వాసన.

నీళ్ళు కదలడం లేదు. వాన చినుకులు పడుతున్నా వలయాలు లేవు.

అమ్మ నీళ్ళలో ఉంది. నడుము లోతున. జుట్టు విరబోసుకుని. నా వైపు వీపు పెట్టి, అవతలి గోడకేసి చూస్తోంది. ఏదో మాట్లాడుతోంది.

పలక మోగుతోంది. అది ఏ గోడ నుంచీ రావడం లేదు. కింద నుంచి వస్తోంది. నా అరికాళ్ళకు తెలుస్తోంది.

ఒక దెబ్బ... రవ్వంత ఆలస్యంగా.

"అమ్మా," అన్నాను.

అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"అమ్మా, నేను... శ్వేతను. వెనక్కి రామ్మా."

"ఈడనే ఉండాడు," అంది అమ్మ, తిరగకుండా. "రెండడుగులు అంతే. సెయ్యి అందుతాది."

నేను నీళ్ళలోకి దిగాను. చలికి ఊపిరి ఆగిపోయినంత పనైంది. పలక ఆగింది. నీళ్ళ కింద నుంచి, చాలా దగ్గర నుంచి, మా అన్న గొంతు పిలిచింది. ప్రేమగా పిలిచింది.

"అక్కా... తలుపు తియ్యక్కా."

అమ్మ వైపు వెయ్యబోయిన అడుగు ఆపేశాను.

"తలుపు తియ్యక్కా... తలుపు తియ్యక్కా..."

గడియ టకటకలాడింది. అంత నీళ్ళ కింద, మా ఇంటి తలుపు గడియ.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా చల్లబడిపోయి, మనసు మాత్రం నిలకడగా అయిపోయింది. అమ్మ దాకా వెళ్ళి, రెండు భుజాలూ పట్టుకుని, చెవిలో చెప్పాను.

"విన్నావా అమ్మా? నన్ను అక్కా అంటాండాది. నేను గౌతమ్‌కి చెల్లెల్ని. వాడు ఒక్కనాడన్నా నన్ను అక్కా అన్నాడా? అది రేష్మ మాట. మన ఇంట్లో విని నేర్చుకునింది. వాడు కాదమ్మా ఇది. వాడు కాదు."

అమ్మ భుజాలు నా చేతుల్లో మెల్లగా వణకడం మొదలుపెట్టాయి.  తర్వాత నీళ్ళకేసి వంగి, ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు అడిగింది.

"నువ్వెవురు?"

 

"నువ్వెవురు?" అంది కింద నుంచి. ఈసారి మా అన్న గొంతు కాదు. మా అమ్మ గొంతు. అదే వణుకు. అదే ఆయాసం. అమ్మ అడగడానికి, అది పలకడానికి నడుమ ఒక్క ఊపిరంత వ్యవధి కూడా లేదు. అంతకు ముందు దానికి ఒక రోజు పట్టేది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం వెనక్కి నడిచాం. నీళ్ళు కాళ్ళను పట్టి లాగలేదు. ఏదీ వెంటపడలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. దానికి తొందర లేదు.

దారి ఎక్కుతుంటే మళ్ళీ పలక మొదలైంది. ఈసారి ఇద్దరు వాయిస్తున్నట్టు. గోడలు దాన్ని పట్టుకుని ఒకదానికొకటి విసురుకుంటున్నాయి. సగం ఎక్కాం. వెనక నుంచి అమ్మ పిలిచింది.

"పాపా... నన్నిడిసిపెట్టి పోతాండావా?"

నా చేతిలో అమ్మ చెయ్యి ఉంది. చల్లటి చెయ్యి, వేళ్ళ మీద శెనక్కాయలు ఒలిచిన గీతలు. అమ్మ పెదవులు బిగించి ఉంది.

"పాపా, సలిగా ఉండాది. తిరిగి సూడు పాపా..."

నేను తిరగలేదు. అమ్మ కూడా తిరగలేదు. నా వేళ్ళు నలిగిపోయేట్టు పట్టుకుని, నాకంటే ముందు నడవసాగింది.

గట్టు మీద చిన్నప్ప మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒకసారి కిందికి చూశాడు.

"మీ అమ్మ ఈడ ఉండాది గదా పాపా," అన్నాడు మెల్లగా. "మరి ఆడ పిలిచేది ఎవురు?"

 ఆ గొంతు మట్టి దారి దాకా వినిపిస్తూనే ఉంది.

*

ఆ రాత్రి చిన్నప్ప ఇంట్లోనే ఉన్నాం. ఆయన భార్య తులసమ్మ పొడి చీర ఇచ్చి, వేడిగా రాగి సంగటి పెట్టింది. అమ్మ తిన్నది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. 

మదనపల్లె చేరేసరికి రికార్డు తిరగడం ఆగిపోయి ఉంది. నేను దాన్ని తీసి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకున్నాను. నున్నటి పక్క నున్నగా లేదు. అంచు నుంచి లోపలికి, వెంట్రుక కంటే సన్నగా, ఒత్తుగా గీతలు పడి ఉన్నాయి. నడుమ ఒక వేలి వెడల్పు మాత్రం ఇంకా ఖాళీగా మిగిలి ఉంది.

అమ్మ నా చేతిలోంచి దాన్ని తీసుకుంది. పెరట్లో స్నానాల నీళ్ళు కాచే పొయ్యి దగ్గరకు వెళ్ళి, మంటలో పెట్టింది. అది మెత్తబడి, వంగి, కారింది. నల్లటి పొగ లేచింది. అమ్మ పక్కకు జరగకుండా ఆ పొగలోనే నిలబడి చూసింది.

"నా బిడ్డ వాళ్ళ నాయన పక్కన మట్టిలో ఉండాడు," అంది. "నా సేత్తో కప్పినా."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మరుసటి రోజు తలకు పోసుకుని జడ వేసుకుంది. రేష్మను పిలిచి భోజనం పెట్టింది. సంవత్సరీకం నాడు కూడా ఏడవని ఏడుపు ఆ వారం ఏడ్చింది, అందరు తల్లులు ఏడ్చినట్టే. ఏడుపు తగ్గాక మనిషి తేలికపడింది. ప్లేయరు మునిస్వామికే తిరిగి ఇచ్చేశాను.

తియాగోకి నేనేమీ రాయలేదు. ఏమని రాయాలి? వాళ్ళ ఆల్బమ్ ఇప్పటికీ ఇంటర్నెట్లో దొరుకుతుంది. అందులో మొదటి పక్క ఒక్కటే ఉంటుంది. మంచి పాట అది. అప్పుడప్పుడూ వింటాను, పగటిపూట, బస్సులో, చుట్టూ మనుషులున్నప్పుడు.

మొన్న ఎండాకాలం చిన్నప్ప ఫోను చేశాడు. ఆ క్వారీ ఇంకెవరో తీసుకున్నారట. పని మళ్ళీ మొదలుపెట్టాలని మోటార్లు పెట్టి నీళ్ళన్నీ తోడించారట. పొద్దున అడుగు తేలింది, కూలోళ్ళు దిగి చూసి బయటికి వచ్చేసినారు, మళ్ళీ దిగమంటే దిగడం లేదు అన్నాడు.

"ఏముందప్పా ఆడ?"

"ఏమీ లేదు పాపా. అదే గదా." చిన్నప్ప గొంతు తగ్గించాడు. "అడుగంతా మోకాటి లోతు బురద. దాని నడిమధ్యన మనిషి కూర్చునేంత జాగా పొడిగా ఉండాది. ఎండిన దుమ్ము. కాలు పెడితే లేస్తాది. అన్నాళ్ళు అన్ని నీళ్ళ కింద అది తడవలేదు."

 వంటింట్లో అమ్మ పోపు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఒకటి గాదు. పక్కపక్కన రెండు జాగాలు," అన్నాడు చిన్నప్ప. "ఒకటి పాతది. సుట్టూ నాచు పట్టుండాది. రెండోది కొత్తది పాపా. ఎవరో ఇప్పుడే సీర కొంగుతో తుడిచి పెట్టినట్టు ఉండాది."